పెన్సిల్ గీత మందం పాతిక మీటర్లు

అడవి కప్పేసిన అండమాన్‌లో భూవైజ్ఞానిక పటం గీయడం నేర్చుకునే విద్యార్థి ముందు రాయిని వెతుక్కోవాలి. ఆ తరవాత తను చూసిందెంతో, ఊహించిందెంతో ఒప్పుకోవాలి.

షాదీపూర్ లాంటి పేటల్లో ఇళ్లు మెట్లుగా ఉంటాయి. ఒకరి పెరటి గోడ మీదే పై ఇంటివారి పునాది. వాన కురిస్తే రేకుల కప్పుల మీది నీళ్లు జారి కింది సందులోకి దూకుతాయి. భూగర్భశాస్త్ర విద్యార్థులకు ఫీల్డు శిబిరం మొదటి రోజున చెప్పే పాఠానికి ఈ కప్పుల కంటే మంచి నల్లబల్ల దొరకదు. నీళ్లు ఎటు జారుతున్నాయో, ఎంత వాలుగా జారుతున్నాయో చెప్పేది 'డిప్'. కప్పు కొప్పు మీద అటూ ఇటూ వాలకుండా సమమట్టంగా సాగే గీత 'స్ట్రైక్'. నేలలోని రాతిపొర కూడా ఒక రేకుల కప్పు లాంటిదే. కాకపోతే ఇంటి కప్పు మొత్తం కనిపిస్తుంది. రాతి కప్పులో మాత్రం ఇక్కడ జానెడు, అక్కడ మూరెడు బయటపడి ఉంటుంది. మిగిలినదంతా మట్టి కింద, చెట్ల వేళ్ల కింద, జనం ఇళ్ల కింద ఉంటుంది. కనిపించే ఆ నాలుగు ముక్కలను బట్టి కనిపించనిదాన్ని కాగితం మీద పెట్టడమే భూవైజ్ఞానిక పటం.

ఈ పేట ఉన్న పట్టణాన్ని ఒకటిన్నర శతాబ్దం పాటు పోర్ట్ బ్లెయిర్ అన్నారు. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దాని పేరును శ్రీ విజయ పురంగా మార్చింది. షాదీపూర్ పేరు మాత్రం మారలేదు. ఆ పేరులోనే పెళ్లి ఉంది. శిక్షలో కొంతకాలం సక్రమంగా గడిపిన ఖైదీలను పెళ్లి చేసుకుని సొంతంగా బతకనిచ్చిన వలస జైలు నాటి రోజులను అది గుర్తుచేస్తుంది. ఇప్పుడు ఆ సందుల్లో బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైగానే. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలవారు. తీరంలో సుత్తి పట్టుకుని రాళ్లు కొడుతున్న కుర్రాళ్లను చూసి, "ఏటి బాబూ ఎతుకుతున్నారు, బంగారమా?" అని ఓ తెలుగు మత్స్యకారుడు పలకరించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫీల్డుకు వెళ్లిన ప్రతి విద్యార్థీ ఏదో ఒక భాషలో ఎదుర్కొనే ప్రశ్నే అది.

వాళ్లు వెతికేది బంగారం కాదు, సరిహద్దు. ఒక రకం రాయి ఎక్కడ ఆగిపోతోంది, మరో రకం ఎక్కడ మొదలవుతోంది? దేశంలో భూవైజ్ఞానిక పటాలకు ప్రామాణికమైన స్కేలు 1:50,000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఈ లెక్కన అర మిల్లీమీటరు మందంతో గీసిన పెన్సిల్ గీత నేల మీద 25 మీటర్ల వెడల్పుంటుంది. షాదీపూర్‌లో ఓ సందు, దానికి రెండు పక్కలా ఉన్న ఇళ్లు ఆ గీత కిందే పడిపోతాయి. ఇక చెయ్యి వణికి గీత రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే వంద మీటర్ల తేడా.

ఆ వంద మీటర్లతో ఏం పోయిందని అడిగేవాళ్లు వేసవిలో ఇక్కడి కొళాయిల దగ్గర నిలబడి చూడాలి. ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే ఈ దీవుల్లో ఫిబ్రవరి దాటితే నీటికి కటకట. పట్టణానికి ప్రధాన ఆధారం ధనీఖారీ జలాశయం. భూగర్భ జలం సంగతి పూర్తిగా రాయి మీద ఆధారపడి ఉంటుంది. ఇసుకరాయి, షేలు పొరలు ఉన్నచోట నీరు తక్కువ. షేలంటే గట్టిపడిన బంకమట్టి, అది నీటిని పీల్చుకోదు, వదలదు. పగుళ్లు బారిన అగ్నిశిలలు ఉన్నచోట మాత్రం ఊటలు, బావులు ఆదుకుంటాయి. కాబట్టి ఈ రెండింటి మధ్య గీత ఎటు జరిగిందన్నది బావికి నీళ్లు పడతాయా లేదా అన్న ప్రశ్నే. కొండను కోసి ఇల్లు కట్టుకునేవారిదీ ఇదే సమస్య. పొరలు కొండలోపలికి వాలి ఉంటే కొంత నయం. రోడ్డు వైపు వాలి, మధ్యలో షేలు ఉంటే వానాకాలంలో అది సబ్బులా జారుతుంది. డిప్ ఎటు ఉందన్న ఒక్క అంకె అక్కడ గోడ ఖరీదు చేస్తుంది.

ఈ దీవుల రాళ్లకు తొలి లెక్కలు రాసింది భారత భూవైజ్ఞానిక సర్వే (జీఎస్ఐ) అధికారులు. 1885లో రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఇక్కడి ఇసుకరాయి, షేలు పొరలకు 'పోర్ట్ బ్లెయిర్ సిరీస్' అని పేరు పెట్టాడు. ఆయన తరవాత 1911లో టిప్పర్, 1926లో గీ మరింత వివరంగా రాశారు. ఆ తరవాతి భూవైజ్ఞానికులు పేర్లు మార్చుకుంటూ వచ్చారు. ఓల్డ్‌హామ్ చూసిన పొరలను ఇప్పుడు 'అండమాన్ ఫ్లిష్' అంటున్నారు. వాటికంటే పాతవైన మరో సముదాయానికి పట్టణానికి దగ్గర్లోని మిఠాఖాడీ ఊరి పేరు దక్కింది. అందులోని గులకరాళ్ల పొర పేరు హోప్‌టౌన్. 1872 ఫిబ్రవరిలో వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ పొడిచి చంపిన రేవు అదే. చరిత్ర పుస్తకంలో ఒకసారి, రాళ్ల పుస్తకంలో ఒకసారి చోటు సంపాదించిన ఊళ్లు అరుదు.

మన రాష్ట్రాల్లో భూగర్భశాస్త్రం చదివిన విద్యార్థికి ఇక్కడ మొదటి రోజే తల తిరుగుతుంది. అతను చేయి తిప్పుకున్న నేల సాధారణంగా కడప బేసిన్. గండికోట లోయ అంచున నిలబడితే పొరలు పుస్తకం పేజీల్లా కనిపిస్తాయి. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైటు మీద కొత్త పొరలు కూర్చున్న గీతను వేలితో తాకవచ్చు. దానిని జీఎస్ఐ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ పనికొస్తోందంటే ఆయన పరిశ్రమతో పాటు, దాపరికం లేని ఆ నేలకూ కొంత పుణ్యం దక్కాలి. అక్కడ శత్రువు ఎండ. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాదిరి వేసవి శిబిరం పెడితే రాయలసీమలో వడదెబ్బే మిగులుతుంది కనుక మనవాళ్లు డిసెంబరు, జనవరుల్లో వెళ్తారు. అండమాన్‌లోనూ వేసవి పనికిరాదు. మే మధ్యకల్లా రుతుపవనం దిగిపోతుంది. కారణాలు వేరైనా రెండు చోట్లా 'సమ్మర్ క్యాంపు' శీతాకాలంలోనే.

ఇక్కడ శత్రువు ఆకు. ఉపగ్రహ చిత్రాలు ఎంత స్పష్టంగా ఉన్నా వాటిలో కనిపించేది అడవి పైకప్పే. దాని కింద నాలుగైదు మీటర్ల మందాన ఎర్రమట్టి. రాయి బయటపడేది సముద్రపు ఒడ్డున, వాగు అడుగున, రోడ్డు కోసినచోట, క్వారీలో. అందుచేత ఇక్కడి భూవైజ్ఞానిక విద్యార్థి సంచిలో సుత్తి, క్లైనోమీటర్ కంపాస్, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పలుచన చేసిన యాసిడ్ సీసాలతో పాటు ఆటుపోట్ల పట్టిక కూడా ఉండాలి. పున్నమి, అమావాస్యలకు ఆటుకూ పోటుకూ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. ఉదయం ఏడింటికి నడిచివచ్చిన రాతి అరుగు మధ్యాహ్నానికి నీళ్లలో ఉంటుంది. వాగుల ముఖద్వారాల దగ్గర మొసళ్లున్నాయన్న బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. అడవిలోకి వెళ్తే జలగలు సరేసరి.

ఈ అగచాట్లకు ఫలితం దక్కే చోటు కార్బిన్స్ కోవ్. షాదీపూర్ నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. పర్యాటకులు ఇసుక మీద కొబ్బరిబోండాలు తాగుతుంటే, విద్యార్థులు ఆటు సమయంలో బయటపడిన రాళ్ల మీద ఒంగుని ఉంటారు. ఇసుకరాయి, షేలు, మళ్లీ ఇసుకరాయి, మళ్లీ షేలు పట్టీలు పట్టీలుగా, దాదాపు నిటారుగా లేచి ఉంటాయి. అప్పుడు నడిచే సంభాషణ ఏ శిబిరంలోనైనా రోజుకు పదిసార్లు వినిపించేదే.

"ఇదేం రాయి సార్?"

"పేరు సంగతి తరవాత. ఏం కనిపిస్తోందో చెప్పు."

"నల్లగా ఉంది సార్."

"తడిసిన రాయి నల్లగానే ఉంటుంది. పగలగొట్టు. లోపల ఎలా ఉంది?"

లోపల బూడిద రంగు. భూతద్దంలో చూస్తే ఒక అంచున రేణువులు ముతకగా, రెండో అంచుకు పోయేకొద్దీ సన్నగా ఉంటాయి. చెరువు నీళ్లను చెంబులో పోసి కదిపి వదిలేస్తే ఇసుక ముందు, ఒండ్రు తరవాత అడుక్కు చేరతాయి. ఇదీ అంతే. కోట్ల ఏళ్ల కిందట లోతు సముద్రంలో నీళ్లూ మట్టీ కలిసిన ప్రవాహం ఒకటి వాలు మీదుగా దూసుకొచ్చి ఆగిపోయింది, మోసుకొచ్చిందంతా అక్కడే దిగింది. ఒక్కో పట్టీ ఒక్కో సంఘటన. 1929లో కెనడా తూర్పు తీరాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు ఒకదాని తరవాత ఒకటి తెగిపోయాయి. అవి తెగిన సమయాలను బట్టి అలాంటి ప్రవాహాల వేగాన్ని శాస్త్రవేత్తలు 1952లో లెక్కగట్టారు. ఇక్కడి ఇసుక హిమాలయాల నుంచి వచ్చిందా, బర్మా వైపు నుంచా అన్న వాదన తరవాత కూడా చాలాకాలం నడిచింది. రెండు చోట్ల నుంచీ వచ్చిందనీ, బర్మా వాటా ఎక్కువనీ చెప్పే అధ్యయనాలున్నాయి.

విద్యార్థికి అంతకంటే ముందు తేలాల్సిన చిన్న ప్రశ్న ఒకటుంది. నిటారుగా నిలబడిన పొరల్లో పై వైపు ఏది? ముతక రేణువులున్న వైపు అడుగు, సన్నవి ఉన్న వైపు పై భాగం. ఒకచోట సన్నవి కింద, ముతకవి పైన కనిపించాయనుకోండి, పొర తలకిందులైందన్నమాట. ఆ ఒక్క పరిశీలనతో మధ్యాహ్నం దాకా గీసిన పటమంతా రబ్బరుతో తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. శిబిరంలో కన్నీళ్లు వచ్చే ఘట్టం ఏదైనా ఉందంటే ఇదే.

అక్కడి నుంచి తూర్పు తీరం వెంట దక్షిణంగా చిడియాటాపు దాకా పోతే కథ మారిపోతుంది. దిళ్లు పేర్చినట్టు గుండ్రటి నల్లని లావా ముద్దలు, ఎర్రటి చెర్టు, పాము చర్మంలా పచ్చగా నిగనిగలాడే సర్పెంటినైట్ ఎదురవుతాయి. ఇది ఒకప్పటి సముద్రపు అడుగు. భారత ఫలకం తూర్పున ఉన్న ఫలకం కిందికి దూరే క్రమంలో కొంత భాగం చెక్కుకుపోయి పైకి వచ్చింది. దీనిని ఓఫియోలైట్ అంటారు. దక్షిణ అండమాన్ ఓఫియోలైట్‌లోని స్ఫటికాల వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లని 2010లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఇక్కడ విద్యార్థికి ఇంకో పాఠం కాచుకుని ఉంటుంది. సర్పెంటినైట్‌లో మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉంటుంది. కంపాస్ రాయి మీద ఆనించి చూస్తే ముల్లు ఒకలా, రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే మరోలా ఉండవచ్చు. అంతదాకా గుడ్డిగా నమ్మిన పరికరం అబద్ధమాడుతుంది. అప్పుడు సూర్యుణ్నో, దూరాన కనిపించే లైట్‌హౌస్‌నో చూసుకుని దిక్కు సరిచేసుకోవాలి.

ఈ సముద్రపు అడుగుకూ ఫ్లిష్ పొరలకూ మధ్య సరిహద్దు చాలాచోట్ల భ్రంశం. అంటే ఒకటి మరొకదాని మీదికి తోసుకొచ్చిన పగులు. పటంలో దానికి గీత మీద పళ్ల గుర్తులు పెడతారు. కంటితో చూసి, కాలు ఆనించి నిలబడిన సరిహద్దయితే గీత తెంపు లేకుండా గీయాలి. ఇటో రాయి, అటో రాయి కనిపించి మధ్యలో సరిహద్దు ఉండి తీరాలనుకుంటే తెంపుగీత పెట్టాలి. మరీ అనుమానముంటే ప్రశ్నార్థకం. ఇది కేవలం చిత్రలేఖన నియమం కాదు. రేపు ఆ పటం చూసి బావి తవ్వేవాడికి, రోడ్డు వేసేవాడికి ఎంత భరోసా ఇస్తున్నామో ఆ గీతలోనే చెబుతున్నాం. అండమాన్‌లో నిజాయితీగా గీసిన పటం తెంపుగీతలతో నిండి ఉంటుంది. కడపలో తెంపు లేని గీతలకు అలవాటుపడ్డ చేతికి ఇది అవమానంగా తోస్తుంది. అందుకే ఇక్కడ కాపీ ప్రలోభం ఎక్కువ. జీఎస్ఐ పటాలు భూకోశ్ పోర్టల్‌లో ఎవరికైనా దొరుకుతున్నాయి. రాత్రి ఫోన్‌లో పాత పటం తెరిచి, చూడని కొండ మీద కూడా గీత లాగేయడానికి పది నిమిషాలు చాలు. అలాంటి పటం అందంగా ఉంటుంది. మార్కులు కూడా పడవచ్చు. నోటుబుక్కులో ఆ చోట పరిశీలన ఏదని అడిగే ఉపాధ్యాయుడు ఉంటేనే దొరికిపోతుంది.

అసలు ఎవరూ అడుగుపెట్టకూడని చోట్లూ ఉన్నాయి. దక్షిణ, మధ్య అండమాన్ పడమటి భాగం జారవాల రక్షిత ప్రాంతం. 1956 నాటి ఆదివాసి రక్షణ నిబంధన కింద బయటివారికి ప్రవేశం లేదు. ట్రంకు రోడ్డు మీద వాహనాలు కాన్వాయ్‌గానే పోవాలి, మధ్యలో ఆపకూడదు, దిగకూడదు. బారాటాంగ్ బురద అగ్నిపర్వతాలు చూడటానికి వెళ్లే విద్యార్థి బృందం ఆ రాళ్లను బస్సు కిటికీలోంచి చూసి సరిపెట్టుకోవాలి. శాస్త్రం పేరుతో అక్కడ మినహాయింపు కోరడం న్యాయం కాదు. ఆ కొండల కింద ఏ రాయి ఉందో తెలియనంత మాత్రాన ఎవరికీ వచ్చే నష్టం లేదు, సుత్తులతో జనం రావడం మొదలైతే జారవాలకు వచ్చే నష్టం చాలా పెద్దది.

పటం తప్పడానికి మరో కారణం విద్యార్థి చేతిలో లేదు. 2004 డిసెంబరు 26 ఉదయం 6.28 గంటలకు సుమత్రా దగ్గర మొదలైన 9.1 తీవ్రత భూకంపం అండమాన్ దాకా చీల్చుకుంటూ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర నేల దాదాపు మీటరు కుంగింది. ఉత్తర అండమాన్‌లో తీరం పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి లైట్‌హౌస్ మొదలు నీళ్లలో నిలిచింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జీపీఎస్‌తో కొలిచి, దీవులు నైరుతి వైపు కొన్ని మీటర్లు జరిగాయని తేల్చారు.

ఇక్కడో విచిత్రం ఉంది. దీవి మొత్తం కొన్ని మీటర్లు పక్కకు జరిగినా 1:50,000 పటానికి తెలియదు. అది పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది. మీటరు కుంగడం మాత్రం దాగదు. చదునైన చోట మీటరు కుంగితే సముద్రం వందల మీటర్లు లోపలికి వస్తుంది. పట్టణం పక్కనే సిప్పీఘాట్‌లో జరిగిందదే. వరి పండిన పొలాల్లోకి ఉప్పునీరు చేరి నిలిచిపోయింది. సునామీకి ముందు సర్వే చేసిన టోపోషీటు పట్టుకుని అక్కడికి వెళ్లిన విద్యార్థి, పటం ప్రకారం పొలంలోనూ, కళ్లకు నీళ్ల అంచునా ఉంటాడు. తన కాళ్లను నమ్మాలా, ముద్రవేసిన కాగితాన్నా? తీరరేఖను కూడా తనే మళ్లీ గీసుకోవాలి. ఆ తరవాతి ఏళ్లలో ఈ నేల నెమ్మదిగా తిరిగి లేస్తున్నట్టు జీపీఎస్ కొలతలు చూపాయి కనుక, ఆ గీతా శాశ్వతం కాదు.

పాత పటాలు రాసినవారికి ఈ సంగతి బొత్తిగా తెలియంది కాదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన పెద్ద భూకంపం పుట్టించిన సునామీని పోర్ట్ బ్లెయిర్ రేవులోని అలల కొలమానం నమోదు చేసింది. దాని మీద 1884లో వ్యాసం రాసింది ఇదే ఓల్డ్‌హామ్. భూమి నడుమ వేరే గర్భం ఉందని 1906లో భూకంప తరంగాల నుంచి రుజువు చూపిందీ ఆయనే. 1941 జూన్‌లో మరో భూకంపం సెల్యులార్ జైలును దెబ్బతీసింది. 2004 నాటికి ఇవన్నీ గ్రంథాలయాల్లో ఉన్నాయి, జనం జ్ఞాపకంలో లేవు. భూకంప ముప్పులో అత్యధిక తరగతిలో ఉన్న ఈ దీవుల్లో ఇప్పుడు కట్టడాలు పెరుగుతున్నాయి. గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే రేవు ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. నేల కింద ఏముందో నడిచి చూసి చెప్పగలిగే మనుషుల అవసరం తగ్గలేదు.

వారిని తయారుచేసే ఏర్పాట్లు మాత్రం అంత గట్టిగా లేవు. యూపీఎస్సీ పరీక్ష రాసి జీఎస్ఐలో చేరినవారికి హైదరాబాద్ బండ్లగూడలోని ఆ సంస్థ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడి నుంచి చిత్రదుర్గ లాంటి ఫీల్డు కేంద్రాలకు పంపి నడిపిస్తారు. ఉద్యోగం రాకముందు విద్యార్థిని నడిపించాల్సింది విశ్వవిద్యాలయం. శిబిరమంటే బస్సు, వసతి, అనుమతులు, వారాల తరబడి తరగతులు వదిలి వచ్చే ఉపాధ్యాయులు. ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడేది దీనికే. కొవిడ్ కాలంలో 2020, 2021ల్లో చాలాచోట్ల శిబిరాలు తెర మీదే ముగిశాయి. అండమాన్ రావాలంటే చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ఓడ లేదా విమానం. పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి ఇక్కడి బ్రూక్‌షాబాద్‌లో ప్రాంగణం ఉంది, అందులో తీర విపత్తుల నిర్వహణ బోధిస్తారు. ఈ నేల మీదే పుట్టి పెరిగిన పిల్లలకు వాళ్ల వీధి కింది రాయి ఏమిటో నేర్పడానికి ఓడ ఎక్కనక్కర్లేదన్నది అందరికీ తెలిసిందే. ఆ పని పెద్ద ఎత్తున జరగడం లేదు. టోపోషీట్ల మీద ఒకప్పుడున్న రక్షణ ఆంక్షలు 2005 పటాల విధానంతో కొంత, 2021 మార్గదర్శకాలతో చాలావరకు సడలాయి. పటం దొరకలేదన్న సాకు ఇప్పుడు చెల్లదు.

చీకటి పడ్డాక శిబిరంలో అసలు పని మొదలవుతుంది. బూట్లు గుమ్మం బయట ఆరుతుంటాయి. రాళ్ల సంచుల మీద నెంబర్లు నోటుబుక్కుతో సరిపోతున్నాయో లేదో ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తారు. ఎక్కడో ఒక నెంబరు ఎగిరిపోయి ఉంటుంది. పగలు పెన్సిల్‌తో పెట్టిన గుర్తులకు సిరా వేయాలి. ఇసుకరాయికి పసుపు, షేలుకు బూడిద రంగు, ఓఫియోలైట్‌కు ఆకుపచ్చ. పసుపు, ఆకుపచ్చల మధ్య రెండు సెంటీమీటర్ల తెల్లటి జాగా మిగిలింది. నేల మీద అది ఒక కిలోమీటరు అడవి. ఒకరు గీత కొండ ఈ పక్క నుంచి పోవాలంటారు, మరొకరు ఆ పక్క నుంచంటారు. ఆ వాగులో పొద్దున ఎవరూ దిగలేదని నోటుబుక్కులు చెబుతున్నాయి. ఆటుపోట్ల పట్టిక తీసి చూస్తే, మర్నాడు వాగు ముఖద్వారం దగ్గర నీళ్లు తగ్గేది ఉదయం ఆరింటికి. తెంపుగీత పెన్సిల్‌తో పెట్టి, పక్కన ప్రశ్నార్థకం రాసి, ఐదున్నరకు అలారం పెట్టుకుంటారు.